కట్టిందా, కొట్టిందా?

ప్రియమైన అమ్మకు,

నీ మీద మోపిన అభియోగం ఇది: “ఆస్పత్రి ఎమర్జెన్సీ విభాగంలో గేటు కాపలా ఉద్యోగం చేస్తున్న ఈ నలభై మూడేళ్ల స్త్రీ, విధుల్లో ఉండగా ఒక మనిషిని ఇనుప అడ్డగడియతో కొట్టి చెయ్యి విరిచింది. ఒకరి మీద చెయ్యెత్తిన మనిషి చేతికి రోగిని అప్పగించడం తగదు. కనుక వైద్య కళాశాలలో ఆమెకు వచ్చిన సీటు రద్దు చేయాలి.” దీనికి జవాబు నేను చెబుతాను. అయితే ముందుగా నీతో నాకున్న తగువు తేలాలి.

ఈ నోటీసు సంగతి నాకు నీ నోట కాక పిన్ని నోట ఎందుకు తెలిసింది? పోయిన ఉత్తరంలో నువ్వు రాసిన వాక్యం నా ముందే ఉంది: “ఎమర్జెన్సీలో కాస్త గలాటా అయింది, నాకు చిన్న దెబ్బ తగిలింది.” పిన్నిని అడిగితే ఆ చిన్న దెబ్బ పేరు మూడు పక్కటెముకలట. అక్కడ పనిచేసే చిన్న డాక్టరమ్మ దవడ రెండు ముక్కలైందట. హాలులో ఒక్క అద్దం మిగల్లేదట. ఇదంతా నీ భాషలో కాస్త గలాటా! యుద్ధం జరిగితే ఏమని రాస్తావు, తోపులాట అనా?

నా అనుమానం చెబుతాను, విను. విరిగిన చెయ్యి సాకు మాత్రమే. వాళ్లకు మింగుడుపడనిది నీ వయసు, నీ ఖాకీ చొక్కా. ఇంటర్వ్యూలో ఆ పెద్దాయన “ఇంత వయసులో కొత్తవి ఏం గుర్తుంటాయమ్మా?” అని అడిగితే నువ్వేమన్నావు? “గేటు దాటిన ప్రతి ముఖం గుర్తుంది సార్. మీరు గుర్తింపు కార్డు మరిచిపోయి వచ్చి, నా మీద కేకలేసిన రోజు కూడా.” ఆనాడు నవ్వినవాళ్లే ఈనాడు నోటీసు పంపారు. పద్దెనిమిదేళ్ల పిల్లల పక్కన గేటు కాపలా మనిషి కూర్చోవడం చూడలేక ఒక కారణం కోసం వెతికారు, అడ్డగడియ దొరికింది. కత్తి పట్టి మనిషిని కోసే వృత్తి, ఇనుప కమ్మీని చూసి ఉలిక్కిపడుతోంది! ఈ ఒక్క వాక్యంతో ఆ గదిని నిలబెట్టి కడిగేస్తాను.

నిబంధన ప్రకారం నీ తరఫున ఒకరు మాట్లాడవచ్చు. వాళ్లు మాట్లాడుతున్నంతసేపూ నువ్వు గది బయట ఉండాలి. ఆ ఒక్కరు నేనే. న్యాయశాస్త్రం ఇంకా పూర్తి కాలేదనకు; నోరు ఎప్పుడో పూర్తయింది.

నాకు వాస్తవాలు కావాలి. జరిగింది జరిగినట్టు రాయి. ఫోన్ చేయకు. ఫోన్లో నిన్ను మాట్లాడనివ్వనని నువ్వే అంటావు. ఉత్తరంలోనైతే నీ వంతు నీకుంటుంది.

నీ కోపిష్టి కూతురు

* * *

నా వకీలమ్మకు,

నవ్వితే పక్కటెముకలు పొడుస్తున్నాయి, కనుక ఇకమీదట వెటకారాలు తగ్గించు. “తోపులాట అనా” దగ్గర చాలా బాధపడ్డాను.

మీ పిన్నికి ఏదీ దాగదు. నీకు చెబితే పరీక్షలు మానేసి వచ్చి, కనిపించిన ప్రతివాడితోనూ వాదిస్తావని చెప్పలేదు. ఇప్పుడు ఎలాగూ ఆగవు కనుక రాస్తున్నాను.

మధ్యాహ్నం పూట పరంజా కూలి కిందపడ్డ ఒకతన్ని తెచ్చారు. పాతికేళ్లుంటాయి. తెచ్చినవాడు అతని అన్న. అద్దాలు కోసే పనివాడు. తమ్ముణ్ణి భుజాన వేసుకుని పరిగెత్తుకొచ్చాడు. అతని చొక్కా ముందుభాగమంతా నెత్తురే. తమ్ముణ్ణి లోపలికి పంపి అన్నను బయట ఆపాను. పదకొండేళ్లుగా నా పని అదే కదా తల్లీ, ఒకరిని పంపడం, ఒకరిని ఆపడం. తలుపు దగ్గరే పుట్టినట్టు నిలబడి, లోపల ఏం జరుగుతోందో తెలియని మనిషిని నేనొక్కదాన్నే. ఈ వయసులో చదువెందుకని అందరూ అడుగుతారు. ఆ తలుపు అవతలికి వెళ్లాలని. అంతకు మించి నా దగ్గర పెద్ద జవాబు లేదు.

చాలాసేపటికి చిన్న డాక్టరమ్మ బయటికొచ్చింది. నీ ఈడుదే. “దక్కలేదండీ” అంది.

“దక్కలేదంటే ఏంటి? దారి పొడుగునా నాతో మాట్లాడుతూనే ఉన్నాడు!”

“అన్నా, వీళ్లు ముట్టుకోనైనా లేదు. చంపేసి చెబుతున్నారు!”

ఎవడన్నాడో తెలియదు. అప్పటికే పనిచోటి నుంచి ముప్పైమంది దాకా వచ్చి ఉన్నారు. ఆ మాటతో అందరూ ఒక్క మనిషైపోయారు. సెలైన్ స్టాండు లేచింది, ఆమె దవడ మీద పడింది. కెమెరా పగిలింది, కుర్చీలు పగిలాయి, మందుల బల్ల బోర్లాపడింది. నేను లోపలికి జరిగి తలుపుకు అడ్డగడియ వేసి వీపు ఆనించాను. వాళ్లు తన్నే ప్రతి తన్నూ చెక్కలోంచి నా వెన్నులోకి దిగుతోంది.

గది లోపలి నుంచి పెద్ద డాక్టరు, “గొళ్లెం! తలుపు తియ్యకు! ఎవరొచ్చినా తియ్యకు!” అని అరుస్తున్నారు.

“సార్, చిన్న డాక్టరమ్మ బయటే ఉండిపోయింది!”

“తియ్యకన్నానా!”

నన్ను గొళ్లెమని ముద్దుగా పిలుస్తారని నీకు తెలుసుగా. ఆ రోజు ఆ పిలుపులో ముద్దు లేదు. గడియ తీసుకుని నేను బయటికి దూరాను. నా వెనక లోపలివాళ్లు తలుపు మూసి బల్లలు అడ్డం పెట్టుకున్నారు. గడియ నా చేతిలోనే ఉండిపోయింది.

బయట కాళ్లు తప్ప మనుషులు కనిపించలేదు. బూట్లు, కుర్చీ కోళ్లు, పిడికిళ్లు. నా పక్కటెముకలు ఎవరి కాలికి విరిగాయో తెలియదు. పాకుతూనే ఆమె దగ్గరికి చేరాను. ఆ గొడవలో అద్దాల అన్న చెయ్యి విరిగింది. అతను కూలబడిపోయాడు, మిగిలినవాళ్లు అతన్ని చూసి వెనక్కి తగ్గారు. విరిగిన కుర్చీ చెక్కలు రెండు తీసుకుని, నా నడుము బెల్టుతో అతని చెయ్యి కదలకుండా కట్టాను. తర్వాత పోలీసులు వచ్చారు.

ఇంతే. వేళకు తిను. చదువుకో. నా సీటు సంగతి నాకు వదిలెయ్.

నీ అమ్మ

* * *

ప్రియమైన అమ్మకు,

గెలిచాం! కూర్చుని చదువు.

చిన్న డాక్టరమ్మ పుట్టిల్లు నేను చదువుకునే ఈ ఊళ్లోనేనని పిన్ని చెప్పింది. నిన్న వెళ్లాను. దవడను తీగలతో బిగించారు. పళ్ల సందుల్లోంచి మాట్లాడుతుంది, ఒక్కో మాటకీ కళ్లు తుడుచుకుంటుంది. రాసి చూపించమని పలక ఇస్తే పక్కన పడేసింది. “రాస్తే ఓడిపోయినట్టు” అంది. అలాంటి మనిషి నాకు నచ్చింది.

“విచారణకు వచ్చినాయనతో మా అమ్మ గురించి ఏం చెప్పారు?” అని అడిగాను.

“గార్డమ్మ అతని చెయ్యి కట్టింది అని.”

“ఏమని?”

“క... ట్టింది. చెక్కలు పెట్టి. కళ్లు తెరిచేసరికి నాకు కనిపించింది అదే.”

అమ్మా, నాకు కూడా మొదటిసారి “కొట్టింది” అనే వినిపించింది! ఆమె పెదాలు ఇంకా వాచి ఉన్నాయి, ‘క’ అనబోతే నోరు గుండ్రంగా తిరుగుతోంది. ఆపరేషన్ అయిన మర్నాడు, మత్తు పూర్తిగా దిగకముందే మంచం పక్కన నిలబడి విన్న పెద్దమనిషికి ఏం వినిపించి ఉంటుంది? అదే రాసుకున్నాడు, అదే అభియోగమైంది. ఒక్క ఒత్వం! పడకూడని చోట ఒక్క ఒత్వం పడి, కట్టు కట్టిన మనిషిని కొట్టిన మనిషిని చేసింది. ఆ ఒత్వం తీసేస్తే నువ్వు నిర్దోషివి. నువ్వు కూడా “చెయ్యి విరిగింది” అనే రాశావు. ఆ తొక్కిసలాటలో ఎవరి కాలు పడి విరిగిందో ఎవరికి తెలుసు? కెమెరా లేదు. ఆ ముప్పైమందీ, చెయ్యి విరిగినవాడూ కేసు భయంతో నోరు విప్పలేదు. ఉన్న ఒకే సాక్షి మన పక్షం.

ఇక రెండో వార్త. కంగారుపడకు. మా కాలేజీ చర్చావేదికలో ఈ వారం విషయం ఏమిటో తెలుసా? “హింసకు పాల్పడినవారు వైద్యవృత్తికి అనర్హులు.” పత్రికలో నీ వార్త చూసి పెట్టారు. ప్రతిపక్షంలో ఉన్నవాణ్ణి మేమంతా ‘మైకు’ అంటాం, పుట్టినప్పుడే ఒకటి మింగేశాడని. నేను హేతువు మీద హేతువు పేర్చి అతన్ని గోడకు చేర్చాను. తప్పించుకోలేక సభ వైపు తిరిగి అన్నాడు: “ఇకమీదట ఆపరేషన్లకు మత్తుమందు ఖర్చు ఉండదు మిత్రులారా! కాపలా ఆంటీ వచ్చి ఒక్కటి తగిలిస్తే చాలు!”

సభ విరగబడి నవ్వింది. ఆ నవ్వు పూర్తి కాకముందే నేను అవతలి బల్ల దగ్గర ఉన్నాను. మొదటి చెంపదెబ్బకు కళ్లద్దాలు ఎగిరి పడి పగిలాయి. అతను చేతులతో నేల తడుముకుంటుంటే రెండోది కొట్టాను. వెనక వరసలోంచి అతని స్నేహితుడు కుర్చీ విసిరాడు, అది నా కనుబొమ్మను చీల్చింది. తర్వాత ఎవరు ఎవరిని కొట్టారో చెప్పలేను. వేదిక మెట్ల మీద నా నెత్తురూ అతని ముక్కులోంచి కారిన నెత్తురూ కలిసిపోయాయి. కుట్లు పడ్డాయి. వారం రోజులు తరగతులకు రావద్దన్నారు. నాకేం పశ్చాత్తాపం లేదు. నిన్ను అంటే ఊరుకుంటానా?

విచారణ రోజున కలుద్దాం. ఒత్వం మన చేతిలో ఉంది.

నీ విజయోత్సాహపు కూతురు

* * *

ప్రియమైన నా తల్లికి,

కుట్ల మీద నీళ్లు పడనివ్వకు. దురద పెట్టినా గోకకు. చీము కనిపిస్తే వాదించకుండా ఆస్పత్రికి వెళ్లు.

ఆ ఒత్వం సంగతి విచారణలో ఎత్తకు. కారణం అడక్కు. వద్దన్నాను, అంతే.

బెయిలు మీద బయటికొచ్చిన అద్దాల అన్న, చెయ్యి చూపించుకోవడానికి నిన్న మా దగ్గరికే వచ్చాడు. వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. నేను గేటు దగ్గర. ఇద్దరం ఒకరినొకరు చూడనట్టు నటించాం. కాసేపటికి అతనే, “వేళ్లు ముడుచుకోవట్లేదు” అన్నాడు, గోడతో చెప్పినట్టు.

“కట్టు విప్పాక మెల్లగా వస్తాయి” అన్నాను.

“అద్దం కొయ్యాలంటే చెయ్యి వణక్కూడదు. మెల్లగా రావడమంటే ఎంత మెల్లగా?”

నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు. అంతవరకు పుస్తకాల్లో ఇంకా రాలేదు.

తల్లీ, ఒక్కటి అడుగుతాను. మొదటి దెబ్బకే ఆ పిల్లాడి కళ్లద్దాలు ఎగిరిపోయాయని రాశావు. కళ్లు కనిపించక నేల తడుముకుంటున్నాడని కూడా రాశావు. మరి రెండోది ఎందుకు?

నీ అమ్మ

* * *

అమ్మకు,

ఈసారి ‘ప్రియమైన’ రాయడానికి చెయ్యి రావడం లేదు.

రెండోది ఎందుకంటే, మొదటిది చాలలేదు కనుక. నువ్విప్పుడు ఆ మైకుగాడి పక్షాన వాదిస్తున్నావా? నీ గురించి అంత మాట అన్నవాడి కళ్లద్దాల మీద నీకు జాలి! నీ పక్కటెముకలు విరిచినవాళ్ల వేళ్ల మీద నీకు జాలి! నీ మీద నీకు ఎప్పుడు జాలి కలుగుతుంది?

చేతికందిన వాదనను కారణం చెప్పకుండా వదులుకోమనడం ఏ న్యాయం? గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో, వచ్చిపోయే స్ట్రెచర్ల మధ్య ఎముకల పేర్లు వల్లె వేశావు. నా పాత పాఠ్యపుస్తకాలు నువ్వు చదువుకున్నావు. నీ చేత రసాయనశాస్త్రం అప్పజెప్పించుకుంది నేను. తప్పు చెబితే గోడ కుర్చీ వేయించాను కూడా. ఆ సీటు నీ ఒక్కదానిదే కాదు. ఒక చెవిటి విచారణకర్త చెవిలో పడ్డ ఒత్వానికి దాన్ని బలి ఇవ్వను.

నీకు భయమేమో అనిపిస్తోంది. పద్దెనిమిదేళ్ల పిల్లల మధ్య కూర్చోవడానికి భయపడి, వాళ్లే వద్దంటే బాగుండునని చూస్తున్నావేమో. అదే అయితే సూటిగా రాయి. కాకపోతే అడ్డం రాకు. నువ్వు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఆ గదిలో నేను అనబోయే మొదటి మాట ఇదే: “మా అమ్మ ఎవరినీ కొట్టలేదు.”

నీ కూతురు

* * *

నా తల్లికి,

ఆ మొదటి మాట అబద్ధం.

నీకు రాసిన ఉత్తరంలో నేను “విరిగింది” అని రాశాను. “విరిచాను” అని రాయలేదు. నువ్వు మాటల్ని నలిపి చూసేదానివి, పట్టుకుంటావేమోనని భయపడ్డాను. పట్టుకోలేదు. నా విషయంలో నీకు చూపు ఆనదు కాబోలు. ఇప్పుడు విను. ఈసారి జరిగింది జరిగినట్టు.

పాకుతూ చిన్న డాక్టరమ్మ దగ్గరికి చేరేసరికి ఆమె గోడ మూలన పడి ఉంది. ఆమె పళ్లు నేల మీద ఉన్నాయి. అద్దాల అన్న మంటలార్పే ఎర్ర సిలిండర్ని రెండు చేతులతో ఆమె తలకు పైగా ఎత్తి ఉన్నాడు. అరిచాను. వినలేదు. వినే స్థితిలో లేడు. లేచి నిలబడి గడియతో అతని భుజం మీద కొట్టాను. సిలిండర్ పక్కకు పడి దొర్లిపోయింది. ఇంతవరకూ నువ్వు ఎక్కడైనా చెప్పు, నేను తల దించుకోను.

అప్పుడతను నా వైపు తిరిగాడు. చేతుల్లో ఏమీ లేదు. ముఖంలో కోపం కూడా పోయింది. “మా తమ్ముడండీ” అన్నాడు. కుడిచెయ్యి చాచి, మూసి ఉన్న ఆ తలుపు వైపు చూపించాడు. లోపల ఉన్నాడు, చూడనివ్వమని. గేటు దగ్గర పదకొండేళ్లుగా రోజూ చూసే చెయ్యి అది. అందరూ అలాగే చాస్తారు.

ఆ చెయ్యి మీద మళ్లీ కొట్టాను.

నా మీదికి వస్తున్నాడనుకున్నానని చెప్పుకోవచ్చు. నువ్వైతే అలాగే చెప్పమంటావు. కానీ నేను అలా అనుకోలేదు. నా ఒళ్లంతా మండుతోంది, ఆ పిల్ల పళ్లు నా కాలి కింద ఉన్నాయి, ఇన్నేళ్లుగా ఆ గేటు దగ్గర తిన్న తిట్లూ తోపులూ అన్నీ ఒక్కసారిగా చేతిలోకి దిగాయి. కొట్టాలనిపించింది. కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు ఎలా ఉందో తెలుసా? గడియ పడినట్టు. రోజూ నేను వేసే గడియ చప్పుడే. అది విన్నాక నాకు నేనెవరో గుర్తొచ్చింది. చెక్కలు వెతికి కట్టాను. కట్టేటప్పుడు నా చేతులు వణకలేదు.

ఆ డాక్టరమ్మ కట్టిందనే చెప్పింది, ఆ పెద్దమనిషి తప్పుగానే విన్నాడు. కానీ ఆ తప్పు పోయిపోయి నిజం మీద పడింది. నువ్వు ఒత్వం తీసేస్తే విరిగిన ఆ చెయ్యి అతుక్కుంటుందా?

నీ రెండో చెంపదెబ్బ చదవకపోతే నేను ఈ ఉత్తరం రాసేదాన్ని కాదేమో. నువ్వు ఉత్సాహంగా రాసిన ఆ వాక్యంలో నా చెయ్యి కనిపించింది. “మొదటిది చాలలేదు” అన్నావు. నాకూ అదే జవాబు ఉంది. అందుకే సిగ్గేసింది.

మొన్న అద్దాల అన్న మళ్లీ వచ్చాడు. వెళ్లి పక్కన కూర్చున్నాను.

“నిన్ను రెండుసార్లు కొట్టాను” అన్నాను.

“ఒక్కసారే కదా?”

“రెండు. మొదటిది భుజం మీద. సిలిండర్ వదిలేశాక రెండోది.”

“నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు.”

“తెలిసేది కాదు.”

“మరి ఎందుకు చెప్పావు?”

“చెయ్యి నీది కనుక.”

లేచి, నేను కూర్చున్న బెంచీని బలంగా తన్నాడు. నేను కిందపడ్డాను. పక్కటెముకలు మళ్లీ కదిలాయి. నన్ను ఒక బూతు మాట అని వెళ్లిపోయాడు. నేను లేచి గేటు దగ్గరికి వెళ్లాను.

నాకు భయం లేదు తల్లీ. ఆ సీటు కావాలి. ఎంత కావాలో చెప్పడానికి నీ అంత భాష నాకు లేదు. కానీ ఆ ఒత్వం తీసేసి లోపలికి వెళితే, లోపలికి వెళ్లేది నేను కాదు. విచారణలో ముందు నేను మాట్లాడతాను, రెండో దెబ్బ చెబుతాను. తర్వాత నన్ను బయటికి పంపుతారు. నిజం మీద నిలబడి వాదించగలిగితే అప్పుడు నువ్వు లేచి మాట్లాడు. లేదంటే నా పక్కన బెంచీ మీద కూర్చో. అదీ నాకు చాలు.

నీ అమ్మ

* * *

ప్రియమైన అమ్మకు,

మూసిన గది తలుపు తెరుచుకోవడం నువ్వు చూశావు. ఏడుగురు ఒక్కొక్కరే నీ ముఖం చూస్తూ మాట్లాడటం విన్నావు. నాలుగు చేతులు లేవడం, చివరి చెయ్యి ఆ గుర్తింపు కార్డు పెద్దాయనది కావడం నీకు తెలుసు. సీటు నిలిచింది, రెండో దెబ్బ కూడా వాళ్ల రికార్డులో నిలిచింది. రెండూ నీవే.

కానీ తలుపు ఎందుకు తెరిచారో నీకు తెలియదు. అడిగి, నేను నోరు విప్పేలోపే, “వద్దులే, ఉత్తరంలో రాయి. ఇప్పుడు నీ వంతు” అంటూ పిన్నితో వెళ్లిపోయావు. అందుకే బస్సు కుదుపుల్లో ఈ వంకర అక్షరాలు.

నువ్వు బయటికి వెళ్లాక, నేను మాట్లాడటానికి లేచేలోపే, నీ బెంచీ దాటుకుని పిలవకుండానే ఒక మనిషి వచ్చాడు. మెడకు వేలాడేసిన చెయ్యి చూసి ఎవరో గుర్తుపట్టాను. “కొట్టిందా, కట్టిందా? అది చెప్పి వెళ్లు” అన్నాడు పెద్దాయన.

“రెండూ” అన్నాడు అద్దాల అన్న. “మొదట కొట్టకపోయి ఉంటే ఆ డాక్టరమ్మను చంపి నేను జైల్లో ఉండేవాణ్ణి. రెండోది అక్కర్లేదు. దాన్ని నేను మరిచిపోను.”

“అయితే సీటు ఇవ్వకూడదంటావు?”

“అది మీ పని. ఆ రెండోదానికి ఆమె నాకు జవాబు చెప్పాలి. చెబుతోంది కూడా, వచ్చి నా వేళ్లు ఒక్కొక్కటే వంచి చూస్తోంది. నాకు నొప్పెడితే తిడతాను, పడుతుంది. మధ్యలో మీరెవరు?”

నువ్వు ఈ సంగతి నాకు రాయలేదు. నీ ఉత్తరాల్లో నువ్వు దాచిన మంచి ఇంకెంత ఉందో.

మైకు దగ్గరికి రేపు వెళతాను. రెండోది అక్కర్లేదని చెబుతాను. మొదటిదాని గురించి ఇంకా నాకు నేనే వాదించుకుంటున్నాను, ప్రస్తుతానికి ఓడిపోతున్నాను.

కుట్లు విప్పారు. మచ్చ ఉంటుందట. ఉండనీ.

ఇకమీదట గొళ్లెం కాని అమ్మకు, కళ్లు తెరిచి చదవడం నేర్చుకుంటున్న కూతురు

తా.క. అతను వెళ్లాక ఆ గదిలో నేను మాట్లాడింది, తలుపు తెరిపించింది ఇదీ:

“పెద్దలారా, అభియోగం నిజం. ఆమె కొట్టింది. ఒక్కసారని మీరు రాసుకున్నారు, కాదు, రెండుసార్లు. రెండో దెబ్బను మీ విచారణ కనిపెట్టలేదు, పగిలిన మీ కెమెరా చూడలేదు, తిన్నవాడు కూడా ఒక్కటే అనుకున్నాడు. ఆమె చెప్పింది కనుక మీకు తెలిసింది. ఒక్క ఒత్వం తీసేసి ఆమెను నిర్దోషిగా నిలబెట్టే వాదన నా దగ్గర ఉంది. మీలో ఎవరూ దాన్ని ఖండించలేరు. ఆమె వద్దంది.

చెయ్యెత్తిన మనిషికి రోగిని అప్పగించలేమన్నారు. ఒప్పుకుంటాను, అది భయపడవలసిన చెయ్యే. ఆ చేతికి ఆమే అందరికంటే ఎక్కువ భయపడుతోంది. రేపు ఆమె ఏ రోగి విషయంలోనైనా తప్పు చేస్తే, మీకంటే ముందు ఆ రోగికి చెబుతుంది. అలా చెప్పగలిగినవాళ్లు మీ ఆస్పత్రిలో ఎంతమంది ఉన్నారు? చెయ్యెత్తనివాళ్లందరూ నిర్దోషులేనా? ఆ రోజు ఆ తలుపు వెనక ఉన్నవాళ్లు ఎవరినీ కొట్టలేదు. బయట ఒక ఆడపిల్ల దవడ విరుగుతుంటే బల్లలు అడ్డం పెట్టుకున్నారు. ‘తియ్యకు’ అన్నవారు ఇప్పుడు మీ వరసలోనే కూర్చుని ఉన్నారు. ఆయన చేతులు శుభ్రంగా ఉన్నాయి. ఆయన అర్హత మీద నోటీసు ఎవరు పంపారు?

మీ నిర్ణయం చీటీల మీద రాసి, మడిచి, పెట్టెలో వేస్తారని విన్నాను. వద్దు. ఆమె పట్టపగలు చెయ్యెత్తింది, ఎందుకెత్తిందో మీ ముందు నిలబడి చెప్పింది. మీరూ చెయ్యెత్తండి. ఎత్తినవాళ్లు ఎందుకెత్తారో, ఎత్తనివాళ్లు ఎందుకెత్తలేదో, బయట బెంచీ మీద కూర్చున్న ఆ మనిషి ముఖం చూస్తూ చెప్పండి. తలుపు తియ్యండి.”